ఎర్రజొన్న సీడ్ వేయొచ్చా? వ్యాపారి "పంటంతా నేనే కొంటా" అంటున్నాడు

మీది నిర్మల్ వైపు, బోరు కింద మూడెకరాలు, యాసంగిలో ఎప్పుడూ మక్కజొన్నే వేస్తారు. ఈసారి ఒక వ్యాపారి వచ్చి ఎర్రజొన్న విత్తనం ఇస్తాను, పండిందంతా నేనే కొంటాను అన్నాడు, వేయాలా వద్దా అని అడిగారు. అన్నా, మాది నిజామాబాద్ జిల్లా, మా నాన్న హయాం నుంచి ఎర్రజొన్న వేస్తున్నాం. వేయొచ్చు. కానీ విత్తనం సంచి ఇంట్లో దించుకోకముందే అమ్మకం మాట కాగితం మీదికి రావాలి. ఈ పంటలో సేద్యం పెద్ద కష్టం కాదు, అమ్మడమే కష్టం.

ఎందుకంటే ఇది మనం రొట్టె చేసుకునే జొన్న కాదు. హర్యానా, ఉత్తరప్రదేశ్, పంజాబ్, రాజస్థాన్‌లలో పాడి రైతులు ఎండాకాలంలో పచ్చిమేత కోసం చల్లుకునే విత్తనం. మేతగా కోసేసేవాళ్లు విత్తనం దాకా ఉంచరు. పైగా వానాకాలంలో కంకి పండితే గింజకు బూజు పడుతుంది. మన దగ్గర యాసంగి పంట ఫిబ్రవరి, మార్చి ఎండకు చేనులోనే ఆరుతుంది, గింజ ఎర్రగా నిగనిగలాడుతూ వస్తుంది. అంకాపూర్, ఆర్మూర్ చుట్టుపక్కల ఈ పంట నిలదొక్కుకున్నది అందుకే.

మక్కలైతే ఒకరు కాకపోతే ఇంకొకరు కొంటారు, కోళ్ల దాణా వాళ్లున్నారు. ఎర్రజొన్నను సీడ్ వ్యాపారి తప్ప ఎవరూ అడగరు. ఉత్తరాదిలో నిరుటి సరుకు గోదాముల్లో మిగిలి ఉంటే ఇక్కడ మన కల్లంలో రేటు పడిపోతుంది. పంట బాగా పండిన ఏడే ధర పడిపోవడం నేను కళ్లారా చూశాను. 2008లో ఆర్మూర్‌లో బకాయిల కోసం రైతులు రోడ్డెక్కింది ఈ పంట గురించే. 2018లో ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. 2019లో పసుపుకు, ఎర్రజొన్నకు మద్దతు ధర కావాలని రైతులు నామినేషన్లు వేస్తే నిజామాబాద్ లోక్‌సభ బరిలో 185 మంది నిలిచారు. ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. కాగితం అడిగితే వ్యాపారి "అంత నమ్మకం లేదా అన్నా" అంటాడు, అప్పుడు మొహమాటపడకండి.

బాండు పేపర్ మీద ఏం రాయించాలంటే, క్వింటాలుకు కనీస ధర ముందు ఉండాలి. కోతల నాటికి మార్కెట్ పెరిగితే ఆ పెరిగిన ధర ఇస్తాడా లేదా కూడా రాయాలి. సంచికి ఎంత కడ్తా (తూకంలో తరుగు) తీస్తాడు, గోనె సంచులు, హమాలీ, లారీ కిరాయి ఎవరివి, తేమ ఎంత వరకు ఒప్పుకుంటాడు అన్నవి తర్వాత. అన్నిటికన్నా ముఖ్యం, కాంటా అయిన ఎన్ని రోజులకు డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి, ఆలస్యమైతే వడ్డీ ఎంత. నా మటుకు నేను వంద రూపాయలు తక్కువైనా తేదీ ఖాయంగా రాసిచ్చేవాడికే ఇస్తాను. మా ఊళ్లో ఒక వ్యాపారి కాంటా అయ్యాక "ఢిల్లీలో రేటు పడిపోయింది" అని మాట మార్చాడు. బాండు ఉన్నవాళ్లం కలిసి వెళ్లి కూర్చున్నాం, రాసిన ధరే ఇచ్చాడు. నోటిమాట మీద ఇచ్చినవాళ్లు తగ్గించిన ధరకే ఒప్పుకోవాల్సి వచ్చింది, అదీ నెలల తరబడి తిరిగాక.

వ్యాపారికి వ్యవసాయ శాఖ ఇచ్చే విత్తన లైసెన్స్ ఉందో లేదో చూడండి, జిరాక్స్ అడిగి తీసుకోండి. ఆయన ఇచ్చిన విత్తనంలోంచి పావుకిలో ప్యాకెట్ కట్టి ఇద్దరి సంతకాలతో దాచండి. రేపు మొలక రాలేదని, కల్తీ మొక్కలు వచ్చాయని గొడవైతే తప్పు విత్తనానిదో మీదో తేలడానికి అదే ఆధారం. పంట ఇచ్చేటప్పుడు కూడా అలాగే ఒక ప్యాకెట్ తీసి పెట్టుకోండి.

మూడెకరాలూ ఒకేసారి వేయకండి. ఒక ఎకరం ఎర్రజొన్న, మిగతాది మీకు అలవాటైన మక్క. పక్క రైతులతో కూడా మాట్లాడాలి. జొన్న పుప్పొడి గాలికి పోతుంది, సర్టిఫైడ్ విత్తనానికి వేరే జొన్న చేను కనీసం 100 మీటర్ల దూరంలో ఉండాలన్నది నియమం. మీ గట్టు పక్కనే ఎవరైనా తెల్లజొన్న వేస్తే విత్తనం బెరుకు అవుతుంది, అంటే వేరే రకం కలిసిపోతుంది. ఊళ్లో మీరొక్కరే వేస్తే పిట్టలన్నీ మీ చేనుకే వస్తాయి, అది ఇంకో తలనొప్పి. నలుగురైదుగురు ఒకే చోట వేస్తే దూరం సమస్య పోతుంది, పిట్టల నష్టం పంచుకున్నట్టవుతుంది, వ్యాపారితో మాట్లాడటానికీ బలం ఉంటుంది.

సాగులో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది మొదటి నెల. ఆలస్యంగా విత్తితే మొవ్వు ఈగ వదలదు, మొవ్వు ఎండిపోయి పట్టి లాగితే చేతికొస్తుంది. దసరా దాటనివ్వకుండా విత్తండి. విత్తనశుద్ధి చేశారా అని వ్యాపారిని అడగండి, లేదంటే కిలో విత్తనానికి 3 గ్రాముల థయామిథాక్సమ్ పట్టించుకోండి. కత్తెర పురుగు మక్కలో మీకు తెలిసిందే, ఇక్కడా వస్తుంది. నీళ్లు, ఎరువు మక్కకన్నా తక్కువే పడతాయి.

పూత ముందు ఒకసారి, పూతలో ఒకసారి సాళ్ల వెంట నడిచి ఎత్తులో, ఆకు ఈనె రంగులో, కంకి ఆకారంలో తేడా ఉన్న మొక్కలను వేళ్లతో సహా పీకేయాలి. కూలీలకు అప్పజెప్పి ఇంట్లో కూర్చునే పని కాదిది, మీరే ముందు నడవాలి.

కోత ఎప్పుడంటే, కంకి కింది వైపు గింజ ఒకటి తీసి, అది కంకికి అంటుకుని ఉన్న అడుగు భాగం చూడండి. నల్ల చుక్క పడిందంటే గింజలోకి రావాల్సిందంతా వచ్చేసింది. ఆ తర్వాత ఆరడమే. పంటి కింద పెడితే టక్కుమని పగలాలి, నొక్కుకుపోతే ఇంకా ఆగాలి. కానీ ఫిబ్రవరి చివర మబ్బు పట్టిందంటే మాత్రం ఆగొద్దు. పండిన కంకి మీద ఒక్క వాన పడినా గింజ నల్లబడుతుంది, ధర సగానికి అడుగుతారు.

హార్వెస్టర్ వస్తే ముందు లోపల శుభ్రం చేయించండి. నిన్న ఎవరి చేనులోనో కోసిన గింజలు అందులో ఉంటాయి, అవి మీ విత్తనంలో కలుస్తాయి. డ్రమ్ము స్పీడు తగ్గించమనండి. స్పీడులో గింజకు కంటికి కనిపించని పగుళ్లు పడి మొలక చచ్చిపోతుంది. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద ఆరబోయకండి, పరదా మీద పలచగా పోసి తిప్పుతూ ఉండండి, తేమ 12 శాతానికి దిగాలి.

అమ్మే ముందు ఇంట్లోనే మొలక చూసుకోండి. ఎక్కడపడితే అక్కడినుంచి వంద గింజలు తీసి తడి గోనె గుడ్డలో వరుసగా పేర్చి చుట్టండి, తడి ఆరనివ్వకండి. నాలుగో రోజు విప్పి లెక్కపెట్టండి, తర్వాత పదో రోజు మళ్లీ. నియమం ప్రకారం 75 రావాలి, మంచి సరుకైతే తొంభై దాటుతుంది. ఆ లెక్క మీ చేతిలో ఉంటే వ్యాపారి మనిషి "మొలక తక్కువుంది" అని బేరం తగ్గించలేడు.

మీకు గేదెలున్నాయని రాశారు కాబట్టి ఇదొకటి. కోత అయ్యాక మోళ్లలో తడి ఉంటే లేత పిలకలు వస్తాయి. పచ్చగా కనిపిస్తుందని పశువుల్ని వదలకండి. వాటిలో నాము అనే విషం ఉంటుంది, కాసేపట్లోనే పశువు పడిపోతుంది. కోత కాగానే చేను దున్నించేయండి.