రోమ్ సంగతి తర్వాత, ముందు బాపట్ల

ప్రశ్న: మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. నాలుగెకరాల మిర్చి వేశాం, ధర లేక సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంది. అమ్మాయి బాపట్లలో బీఎస్సీ అగ్రికల్చర్ చివరి సంవత్సరం. ఆహార భద్రత, ధరల గురించి చదివి అంతర్జాతీయ సంస్థల్లో పనిచేస్తానంటోంది. యూరప్‌లో ఏడాది మాస్టర్స్ చేస్తే ఐక్యరాజ్య సమితి ఉద్యోగం ఖాయమని కన్సల్టెన్సీ వారు అంటున్నారు. ముప్పై లక్షలు అవుతుందట. అదా, ఇక్కడి ఎమ్మెస్సీనా, లేక ఎంబీఏ చేయించి పెళ్లి చేసేయడమా?
- ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: అడిగింది కోర్సుల గురించే అయినా మీ భయం వేరు. మిమ్మల్ని ముంచిన ధరలనే బతుకుతెరువు చేసుకుంటానని బిడ్డ అంటే గుండె జారడం సహజం. పొలానికి దూరంగా పంపాలనే కదా చదివించాం అని ఏటా ఎందరో తండ్రులు నా ఎదుట కూర్చుని అంటారు.

మిర్చి యార్డులో మీరు ఎన్నోసార్లు చూసే ఉంటారు. టిక్కీ (మిర్చి బస్తా) విప్పగానే కొనేవారు గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి, రంగు చూసి ధర చెప్పేస్తారు. అర నిమిషం పని. ఆ అర నిమిషం వెనక చైనా ఆర్డర్లు ఉంటాయి, పాత నిల్వలు ఉంటాయి. ధర పడిపోయి 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద మిర్చి క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. మీ అమ్మాయి నేర్చుకుంటానంటున్నది ఈ లెక్కే.

దేశాల మధ్యా ఇదే కథ. 2007-08లో మన దేశం, వియత్నాం బియ్యం ఎగుమతులకు అడ్డుకట్ట వేశాయి. కొనే దేశాలు భయపడి ఎగబడ్డాయి. కొద్ది నెలల్లో ధర దాదాపు మూడింతలైంది. పంట పోయినందువల్ల కాదు, ఎవరి దగ్గర ఎంత ఉందో తెలియక పుట్టిన భయం వల్ల. అందుకే జీ-20 దేశాలు 2011లో వ్యవసాయ మార్కెట్ సమాచార వ్యవస్థను ఏర్పాటు చేసుకున్నాయి. రోమ్‌లోని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ కార్యాలయం నుంచి అది గోధుమ, మొక్కజొన్న, వరి, సోయా నిల్వల లెక్కలు అందరి ముందు పెడుతుంది. ఎగుమతులు ఆపొద్దని ఏ దేశాన్నీ శాసించే అధికారం దానికి లేదు. 2022 మేలో గోధుమ, 2023 జూలైలో బాస్మతేతర తెల్ల బియ్యం ఎగుమతులు మళ్లీ మనమే ఆపాం. ఈ పని ఇంకా సగంలోనే ఉంది, మనుషులు కావాలి. ఆ నాలుగు పంటల్లో మిర్చి లేదన్నది కూడా మీ అమ్మాయికి చెప్పండి.

ఇక ఆ యూరప్ కోర్సు. నాకు నమ్మకం లేదు. ఆహార విధానం, సుస్థిర వ్యవస్థలు అంటూ అందమైన పేర్లు పెడతారు. గణాంకశాస్త్రం గట్టిగా నేర్పని కోర్సుతో ఈ రంగంలో నిలబడలేరు. ఈ సంస్థల్లో చిన్న ఉద్యోగాలు చాలావరకు కొద్ది నెలల కాంట్రాక్టులు. 2020లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఐక్యరాజ్య సమితి ప్రపంచ ఆహార కార్యక్రమమే నిధులు తగ్గి 2025లో 25 నుంచి 30 శాతం సిబ్బందిని తగ్గిస్తామని చెప్పింది. అలాంటి చోట ఉద్యోగం ఖాయమని ఎవరు చెప్పినా అది అబద్ధం. ఉన్న అప్పు మీద ముప్పై లక్షలు ఎత్తుతారా?

వ్యవసాయ ఆర్థికశాస్త్రంలో ఎమ్మెస్సీ ఇక్కడే చేయించండి. ఆ చదువుకు ఉద్యోగమిచ్చే చోట్లు ఉన్నాయి: వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు ఉంది, బ్యాంకులు ఉన్నాయి, పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రాజెక్టులు ఉన్నాయి. ఈలోగా అంతర్జాతీయ సంస్థల్లో పనికొచ్చే ఫ్రెంచి నేర్చుకోమనండి. రెండు మూడేళ్ల అనుభవం వచ్చాక స్కాలర్‌షిప్‌తో విదేశాలకు వెళ్లవచ్చు. ఎంబీఏ తప్పని నేననను, కానీ ఆమె అడగలేదు.

ఒక మాట కటువుగా చెబుతాను. మీ ఉత్తరంలో ముప్పై లక్షలు ఉంది, పెళ్లి ఉంది, అమ్మాయికి ఏ సబ్జెక్టులో మంచి మార్కులు వచ్చాయో లేదు. నాలుగేళ్లు హాస్టల్లో ఉండి చదివిన పిల్లకు ఏమి ఇష్టమో మీకే తెలియకపోతే నేనేం సలహా చెప్పను? పెళ్లి రెండేళ్లు ఆగితే ఏమీ కాదు. భయపడకండి, ఆమె ఎంచుకున్నది గాలిలో మేడ కాదు.

ఈ ఆదివారం ఆమెను కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్లండి. మీ టిక్కీలకు కట్టే అద్దె, బ్యాంకు వడ్డీ, ఎప్పుడు అమ్మితే గిట్టుబాటు అవుతుందో లెక్క వేసి చూపించమనండి. ఆ కన్సల్టెన్సీకి అడ్వాన్సు కట్టి ఉంటే సోమవారమే వెళ్లి వెనక్కి అడగండి.