మర్నాడు పొద్దున్న ఏం చేస్తాడు?

అమ్మాయీ,

బాల సైనికుడి మీద నువ్వు రాసిన కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. తిప్పి పంపుతున్న కాగితాల మీద గీతలు చూసి కంగారు పడకు. నచ్చని కథ మీద నేను గీతలు గీయను, “చదివాను” అని ఒక ముక్క రాసి ఊరుకుంటాను. 7వ పేజీలో ఒక వాక్యం చుట్టూ సున్నా చుట్టాను. దాని సంగతి చివర చెప్తాను.

ముందు కథకి పెట్టిన ఆ “పద్మవ్యూహం” పేరు తీసెయ్. యుద్ధంలో చిక్కుకున్న పిల్లవాడు అనగానే మన కలం దానంతటదే “పద్మవ్యూహం” వైపు పోతుంది. అభిమన్యుడు రాజకుమారుడు, ఉత్సాహంగా రథమెక్కి వెళ్లాడు, పోయాక ఏడవడానికి శిబిరం శిబిరమంతా ఉంది. నీ కథలో పిల్లవాణ్ని బడికి పోతుంటే దారిలో ఎత్తుకుపోయారు. పైగా అభిమన్యుడి కథ వ్యూహం లోపలే అయిపోతుంది. నీ కథ బయటికొచ్చాక మొదలవ్వాలి. బాలవీరుణ్ని చూసి పొంగిపోవడం మనకు చిన్నప్పట్నుంచీ అలవాటు. బాలచంద్రుడి కథ వింటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ పొంగు నీ కథలో రెండు మూడు చోట్ల జొరబడింది, తుపాకీ వర్ణన దగ్గర మరీను.

ఈ తప్పు నేనూ చేశాను. ఇరవై ఆరేళ్లప్పుడు పేపర్లో ఒక ఫొటో చూసి ఒక్క రాత్రిలో కథ రాసేశాను. చివర్లో కుర్రాడు తుపాకీని నదిలోకి విసిరేసి వెక్కి వెక్కి ఏడుస్తాడు. ఎడిటరు దాన్ని తిప్పి పంపుతూ అడుగున ఒకే ప్రశ్న రాశాడు: “మర్నాడు పొద్దున్న ఏం చేస్తాడు?” ఒళ్లు మండింది. వేరే పత్రికకి పంపాను, అచ్చయింది, మెచ్చుకుంటూ ఉత్తరాలూ వచ్చాయి. ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు. జవాబు కోసం కోర్టు తీర్పులు, పునరావాస కేంద్రాల నివేదికలు ఏళ్ల తరబడి చదివితే నాకు అర్థమైంది ఇది: ఈ పిల్లల విషయంలో యుద్ధం చేసే మొదటి పని వాళ్లు ఇంటికి తిరిగొచ్చే దారి మూసెయ్యడం.

ఎలా మూస్తారో చూడు. సియెర్రా లియోన్‌లో 1991 నుంచి 2002 దాకా అంతర్యుద్ధం నడిచింది. అక్కడ తిరుగుబాటుదారులు కొందరు పిల్లల చేత సొంత ఊళ్లోనే, సొంతవాళ్ల మీదే ఘోరాలు చేయించారు. అది ఒట్టి క్రూరత్వం అనుకుంటాం గానీ వెనక లెక్క ఉంది. ఊరు చూస్తుండగా ఆ పని చేసినవాడు మళ్లీ ఏ మొహం పెట్టుకుని ఊరికొస్తాడు? పారిపోవాలన్న ఆలోచన అక్కడే చస్తుంది. కొందరి ఛాతీ మీద ముఠా పేరులోని అక్షరాలు బ్లేడుతో కోసి చెక్కారు. తప్పించుకుని అవతలి పక్షానికి దొరికితే ఆ అక్షరాలు చూసి వాళ్లే చంపేస్తారు. యుద్ధం అయ్యాక డాక్టర్లు సర్జరీలు చేసి ఆ మచ్చలు తీసేయాల్సి వచ్చింది. ఆ సర్జరీ గురించి చదివిన రోజు నా పాత కథ గుర్తొచ్చి సిగ్గేసింది. తుపాకీని నదిలో పారేయొచ్చు, ఛాతీని ఎక్కడ పారేస్తాడు?

రెండో సంగతి. “ఆఫ్రికాలో ఒక దేశం” అని మొదలుపెట్టావు. అలాంటి దేశం లేదు. ఉత్తర ఉగాండాలో రాస్తావా, అక్కడే రాయి. జోసెఫ్ కోనీ నడిపిన లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే తిరుగుబాటు ముఠా రాత్రిపూట ఇళ్ల మీద పడి పిల్లల్ని ఎత్తుకుపోయేది. అందుకని సాయంత్రమయ్యేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి వేలాది పిల్లలు చాపా దుప్పటీ చుట్టుకుని గులు పట్టణానికి నడిచొచ్చేవారు. బస్టాండులో, ఆసుపత్రి ఆవరణలో, షాపుల వరండాల్లో పడుకుని తెల్లారాక మళ్లీ నడిచి వెళ్లేవారు. ఈ ఒక్క నడక సియెర్రా లియోన్‌లో పెడితే అబద్ధమవుతుంది. ఆఫ్రికాయే ఎందుకు అని కూడా నిన్ను నువ్వు అడుగు. కొలంబియాలో శాంతి ఒప్పందం కింద ఏర్పడ్డ ప్రత్యేక న్యాయస్థానం 2021లో లెక్క తేల్చింది: 1996-2016 మధ్య, ప్రభుత్వం మీద పోరాడిన ఫార్క్ గెరిల్లాలు చేర్చుకున్న పిల్లలు కనీసం 18,677 మంది. నేపాల్ సంగతికి తర్వాత వస్తాను.

అందర్నీ ఎత్తుకుపోయారనీ రాయకు. కొందరు వాళ్లంతట వాళ్లే వెళ్లారు. బడి మూతపడింది, తండ్రిని చంపేశారు, తిండి దొరికేది ఆ తుపాకీవాళ్ల దగ్గరే. దీన్ని ఇష్టపడి చేరడం అనొచ్చా? కాంగోలో పిల్లల్ని తన ముఠాలో చేర్చుకున్న థామస్ లుబాంగా కేసులో అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2012లో తీర్పిస్తూ, పదిహేనేళ్ల లోపు పిల్లవాడు ఒప్పుకుని చేరాడన్నది చేర్చుకున్నవాడికి సాకు కాదని తేల్చింది. కోర్టు పని అక్కడితో అయిపోయింది. ఆ పిల్లవాడికి అవలేదు. “నేనే కదా వెళ్లాను” అన్న మాట వాడి లోపల మిగిలిపోతుంది. అది నీలాంటివాళ్లు రాయాల్సింది.

ఇక అసలు గొడవ పడాల్సిన చోటికి వస్తాను. రెండేళ్లు అడవిలో ఉన్న నీ కుర్రాడు ఒక్కణ్ని కూడా చంపలేదు. ఎప్పుడు కాల్చమన్నా గాల్లోకి కాల్చాడు! వాణ్ని పాఠకులు అసహ్యించుకుంటారేమోనన్న టెన్షన్ నీది. నాకర్థమవుతుంది. కానీ చేతికి మరకంటని పిల్లవాణ్ని క్షమించడానికి ఎవరి మనసూ పెద్దది కానక్కర్లేదు. డొమినిక్ ఒంగ్వెన్ గురించి చదువు. చిన్నపిల్లాడప్పుడు బడికి పోతుంటే కోనీ మనుషులు ఎత్తుకుపోయారు. ఆ సైన్యంలోనే పెరిగి కమాండరయ్యాడు. తనకు జరిగిందే వేరే పిల్లలకు చేశాడు. అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2021లో 61 అభియోగాల్లో దోషిగా తేల్చి 25 ఏళ్ల శిక్ష వేసింది. అతని బాల్యం ఎలా పోయిందో జడ్జీలు శిక్ష ఎంతో నిర్ణయించేటప్పుడు లెక్కలోకి తీసుకున్నారు, నేరం తేల్చేటప్పుడు మినహాయింపు ఇవ్వలేదు. నాకా తీర్పు ఒకరోజు సరిగ్గానే అనిపిస్తుంది, ఇంకోరోజు అనిపించదు. నీ కథ చదివాక నాకు అలాంటి అవస్థ కలగాలి.

మూసిన దారి మళ్లీ ఎలా తెరుస్తారు? దీని మీద రాసినవాళ్లు తక్కువ, రాయాల్సింది ఇక్కడే ఎక్కువ. ఉగాండాలో అచోలీ జనం చేసే ఒక తంతు ఉంది, “న్యోనో టోంగ్ గ్వెనో” అంటారు. గుడ్డును తొక్కడం అని అర్థం. తిరిగొచ్చినవాడు గడప లోపలికి వచ్చేముందు నేల మీద ఒక పచ్చి గుడ్డు పెడతారు. దాంతోపాటు ఒపోబో అనే చెట్టు రెమ్మ, సబ్బులా జారుతుంది అది, మురికి కడగడానికి గుర్తు. పక్కన గాదె తలుపు తెరిచే కర్ర. ఇకమీదట ఈ ఇంటి గాదెలో గింజలు నీవీ అని చెప్పడానికి. బంధువులంతా నిలబడి చూస్తుండగా వాడు గుడ్డును తొక్కి దాటొస్తాడు. గుడ్డు పగలగానే గాయాలు మానిపోతాయని అక్కడెవరూ అనుకోరు. ఊరు చూస్తుండగా మూసిన దారిని ఊరు చూస్తుండగానే తెరవాలని ఆ పెద్దవాళ్లకు తెలుసు, అంతే. కౌన్సెలింగ్ గదిలో ఒక్కణ్నే కూర్చోబెట్టి ఆ పని చేయలేం. కౌన్సెలింగ్ వద్దని కాదు సుమా, పీడకలలకి అదీ కావాలి.

మొజాంబిక్‌లో 1988లో లాంగెనె అనే పునరావాస కేంద్రానికి వచ్చిన 39 మంది అబ్బాయిల్ని పదహారేళ్ల తర్వాత దాకా గమనించిన అధ్యయనం ఒకటుంది. తిరుగుబాటుదారుల దగ్గర ఆరు నెలల లోపు బందీలుగా ఉన్నవాళ్లు కాస్త తేలిగ్గానే మళ్లీ పిల్లలయ్యారు. ఏడాది దాటినవాళ్లు తమను తాము సైనికులుగానే చూసుకున్నారు. పెద్దయ్యాక చాలామంది పెళ్లిళ్లు చేసుకుని, పొలం పనులు చేసుకుని, పిల్లల్ని పెంచుకున్నారు. చెడ్డ జ్ఞాపకాలు మాత్రం పోలేదు. రెండూ ఒకే మనిషిలో, ఒకే ఇంట్లో. సియెర్రా లియోన్‌లో 2002 నుంచి ఏళ్ల తరబడి సాగిన పరిశోధనలో కూడా ఇంటివాళ్లు, ఊరివాళ్లు దగ్గరికి తీసిన పిల్లలే బాగా కోలుకున్నట్టు కనిపించింది. వెలివేసినట్టు చూసినచోట గాయం ముదిరింది. నీ కుర్రాడు బాగుపడేదీ లేనిదీ పక్కింటావిడ చేతిలో కూడా ఉంది. నీ కథలో పక్కింటావిడే లేదు.

బతుకుతెరువు మర్చిపోకు. పోయిన చదువు మళ్లీ రాదు. పదహారేళ్లవాడు రెండో తరగతి పిల్లల పక్కన కూర్చోవాలి. ట్రైనింగ్ పేరుతో వచ్చినవాళ్లందరికీ కుట్టుపని, వడ్రంగం నేర్పిన చోట్లున్నాయి. ఊరికి పాతికమంది దర్జీలైతే ఎవరి బట్టలు ఎవరు కుడతారు?

అమ్మాయిలు ఏరీ? నువ్వు ఆడపిల్లవైయుండి ఒక్క అమ్మాయినీ పెట్టలేదేమిటని ఆశ్చర్యపోయాను. పెట్టనిది నువ్వొక్కదానివే కాదులే. సియెర్రా లియోన్‌లో ఆయుధాలు అప్పగించే శిబిరాల్లో తుపాకీ చూపించినవాళ్లే సైనికుల లెక్క. విప్పి మళ్లీ బిగించమనేవారు. వంట చేసినవాళ్లకి, మూటలు మోసినవాళ్లకి, కమాండరుకి “భార్య” అని అంటగట్టినవాళ్లకి చూపించడానికి తుపాకీ ఏది? సుమారు 6,800 మంది పిల్లలు ఆ శిబిరాల ద్వారా బయటపడితే అందులో అమ్మాయిలు పదో వంతు కూడా లేరు. మిగిలినవాళ్లు చంకలో బిడ్డతో చడీచప్పుడు లేకుండా ఎటో వెళ్లిపోయారు. అందుకే ఇలాంటి పిల్లల కోసం రాసుకున్న 2007 నాటి పారిస్ సూత్రాల్లో “బాల సైనికుడు” అనే మాట మార్చి “సాయుధ దళాలతో, ముఠాలతో సంబంధం ఉన్న బాలలు” అన్నారు. కథలో ఆ మాట వాడితే పాఠకుడు పారిపోతాడు. కానీ ఆ చాంతాడంత మాటకి నీ కథకంటే ఎక్కువమంది కనిపించారు.

మాటల సంగతి వచ్చింది కాబట్టి నేపాల్. 2006లో యుద్ధం ఆగాక ఐక్యరాజ్యసమితి మావోయిస్టు శిబిరాల్లో పరిశీలన జరిపి, 2,973 మంది మైనర్లుగా చేరినవాళ్లని తేల్చింది. వాళ్లు శిబిరాల నుంచి విడుదలయ్యేసరికి 2010 వచ్చింది. కాగితం మీద వాళ్లకు పడిన మాట ఏమిటో తెలుసా? “అయోగ్య”. సైన్యంలో కలపడానికి అర్హత లేనివాళ్లని దాని భావం. మనకి ఆ మాట అర్థం చెప్పక్కర్లేదు, తిట్టుగా వాడుకుంటూనే ఉన్నాం. పద్నాలుగేళ్లకు పోరాడటానికి పనికొచ్చినవాడు పద్దెనిమిది దాటాక అయోగ్యుడని ముద్ర వేయించుకుని ఇంటికెళ్లాడు. నీ కథలో వాణ్ని ఊరి పిల్లలు ఏమని పిలుస్తారో ఆలోచించు. ఆ ఒక్క పిలుపు దొరికితే మూడు పేజీల వర్ణన కొట్టేయొచ్చు.

ఎప్పుడైనా అలాంటి జీవితం గడిపిన మనిషి ఎదురుపడితే “ఎంతమందిని చంపావు?” అని అడగొద్దు. వచ్చిన ప్రతి విలేఖరీ అదే అడిగి వెళ్లి ఉంటాడు. నువ్వు ఇప్పుడేం పని చేస్తున్నావని అడుగు, లేకపోతే ఊరికే కూర్చో.

ఇక 7వ పేజీ. “అమ్మ తలుపు తీసింది. గడియ మీద చెయ్యి అలాగే ఉంచి వాడి చేతుల వైపు చూసింది.” ఇంత మంచి వాక్యం రాసి, వెంటనే ఆవిడ చేత వాణ్ని వాటేయించి ఏడిపించావు. ఆ వాటేసుకోవడం కొట్టేశాను. ఆ చెయ్యి గడియ మీద ఎంతసేపుందో నాకు కావాలి. ఆ రాత్రి చిన్నపిల్లని ఏ మూల పడుకోబెట్టిందో, తను నిద్రపోయిందో లేదో, చీకట్లోనే లేచి కూర్చున్న కొడుకుతో మొదట ఏం మాట్లాడిందో కావాలి. ముందున్న ఆరు పేజీలు చింపకు, పక్కన పెట్టుకో. అక్కణ్ణుంచి మొదలుపెట్టి వచ్చే నెలాఖరుకి పంపు. పెన్సిలు చెక్కి ఉంచుతాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి