అద్దె ఇంటి గోడకు నల్లటి బూజు: ఓనర్ రంగు వేయిస్తానంటే సరేననాలా?

అప్పుడే సరేననకండి. పడగ్గది మూలన నల్లమచ్చలు వచ్చాయని, దిగి మూడు నెలలే అయినా ఇల్లు మారిపోవాలనిపిస్తోందని రాశారు. మారడం సంగతి తర్వాత. ముందు ఆ తడి ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకోండి. నేను అది తేల్చుకోకుండానే పై అంతస్తువాళ్లతో గొడవపడి తర్వాత తల దించుకున్నాను.

మాకు వచ్చింది బీరువా వెనక గోడకి. పైవాళ్ల బాత్రూమే కారుతోందని నాకు నేనే తీర్మానించేసుకున్నా. రెండు వారాలు మెట్ల మీద ఎదురుపడినా మాటల్లేవు. చివరికి వచ్చిన ప్లంబర్ పైకెళ్లి అంతా చూసొచ్చి, "పైపుల్లో ఏమీ లేదండీ, మీరు బట్టలు ఎక్కడ ఆరేస్తారు?" అన్నాడు. ఆ గదిలోనే, కిటికీలు బిగించి మరీ! మెషీన్‌లో తిప్పిన ఒక వాయి బట్టలు ఆరేసరికి రెండు లీటర్ల దాకా నీళ్లు గాల్లో కలుస్తాయి. బయటికి దారి లేకపోతే ఆ తేమ గదిలో ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ చేరుతుంది. బయటివైపు గోడ మూలలు, బీరువా వెనక గాలి ఆడని చోటు దానికి బాగా ఇష్టం.

అతను చెప్పిన పరీక్ష మీరూ చేయండి. మచ్చ పక్కన గోడను పొడిగుడ్డతో తుడిచి, జానెడు అల్యూమినియం ఫాయిల్ ముక్కని నాలుగు అంచులా టేపుతో గాలి దూరకుండా అతికించండి. ఒకట్రెండు రోజులాగి చూడండి. గదివైపు తడి ఉంటే అది గదిలోని తేమే. వెనకవైపు తడి ఉంటే గోడలోంచి వస్తున్నట్టు. టేపు అసలు అంటుకోనంత తడిగా ఉంటే ఇక పరీక్ష అక్కర్లేదు, ఓనర్‌కి ఫోన్ చేయడమే.

గోడలోంచే అయితే మచ్చ ఎక్కడుందో చూడండి. నేల దగ్గర మొదలై మీటరు ఎత్తులోపు ఆగి, తెల్లటి ఉప్పులాంటి పొడి రాలుతుంటే కింద నుంచి ఎక్కుతున్న చెమ్మ కావచ్చు. వాన పడ్డాక పెరిగితే బయటిగోడ పగుళ్లో, కప్పో చూడాలి. వానతో పని లేకుండా సీలింగ్‌కి గోధుమరంగు వలయం వస్తే పైపుని అనుమానించండి. వాటర్ మీటర్ ఉంటే కుళాయిలన్నీ కట్టేసి, గంటాగి రీడింగ్ చూడండి. అంకె మారితే మీ లైన్‌లో లీకుంది. మారకపోయినా ధీమా వద్దు: డ్రెయిన్ పైపు కారితే మీటర్‌కి తెలీదు, పై ఇంటి లీకూ మీ మీటర్‌లో పడదు.

గదిలో తేమే అయితే సులువు. బీరువాని గోడకి నాలుగైదు వేళ్ల దూరం జరపండి. స్నానం, వంట అయ్యాక కూడా ఎగ్జాస్ట్ ఫ్యాన్ కాసేపు తిరగనివ్వండి. తేమ శాతం చూపే చిన్న మీటర్ ఒకటి కొనుక్కుంటే మంచిది. అది 60 దాటకుండా, వీలైతే 50 లోపు ఉండేలా చూసుకోండి.

బూజు మూడడుగుల చదరం లోపే ఉంటే మీరే తుడుచుకోవచ్చు. పొడి చీపురుతో మాత్రం దులపకండి, ఇల్లంతా ఎగురుతుంది. మాస్కు, గ్లవ్స్ వేసుకుని సబ్బునీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. బ్లీచ్ వాడితే అందులో యాసిడ్ గానీ అమోనియా ఉన్న క్లీనర్ గానీ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే తుడిచేటప్పుడు వాళ్లని అక్కడ ఉండనివ్వకండి.

ఇక ఓనర్ సంగతి. ఫోన్‌లో చెప్పినా, అదే మాట ఫొటోలతో మెసేజ్ కూడా పెట్టండి. మచ్చ పక్కన స్కేలు పెట్టి, వారానికోసారి అదే చోటు నుంచి తీస్తే అది పెరుగుతోందో లేదో ఎవరికైనా కనిపిస్తుంది. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పెడతామంటే ఇవే మీ సాక్ష్యం. కోపంలో అద్దె ఆపేయడం మాత్రం వద్దు. అగ్రిమెంట్, మీ ఊరి చట్టం చూడకుండా అలా చేస్తే తప్పు మీ మీదికే రావచ్చు.

రంగు చివరి పని. తడి ఆగి, గోడ లోపలి దాకా ఆరాకే వేయించుకోండి. మా ఓనర్ మొదట తొందరపడి వేయించిన కోటు రెండు నెలలకే పొరలు పొరలుగా ఊడింది.

ఫాయిల్‌కి ఏ వైపు తడి వచ్చిందో, మచ్చ నేలకి ఎంత ఎత్తులో ఉందో చూసి రాయండి, తర్వాత ఎవర్ని పిలవాలో చెప్తాను.