మెదడుకు దెబ్బ తగిలి పలకని మనిషికి మన మాటలు వినబడతాయా?

ప్రమాదం జరిగి ఇరవై రోజులైందని, మీ అన్న కళ్లు తెరుస్తున్నా పిలిస్తే పలకడం లేదని రాశారు. ఆయనతో మాట్లాడితే ఉపయోగం ఉందా, కొత్త పరిశోధనలు ఏమంటున్నాయి అని అడిగారు. మాట్లాడండి చెల్లెమ్మా. ఎందుకు మాట్లాడాలో చెప్తాను, ఎంతవరకు ఆశ పెట్టుకోవచ్చో కూడా చెప్తాను.

నేను డాక్టర్‌ను కాను. హనుమకొండ దగ్గర సర్కారు బడిలో బయాలజీ చెప్తాను. ఆరేళ్ల కింద మా బాపు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మి వస్తూ పరకాల రోడ్డు మీద బండి నుంచి పడ్డాడు. మెదడులో రక్తం గడ్డ కట్టింది, ఆపరేషన్ చేశారు. పదకొండో రోజు కళ్లు తెరిచాడు. ఇక లేచి కూర్చుంటాడని అందరం ఏడ్చాం. కానీ ఆ చూపు ఎవరి మీదా ఆగలేదు.

అప్పుడు నాకు అర్థం కానిది ఒకటే. కళ్లు తెరిచిన మనిషి మమ్మల్ని ఎందుకు చూడడు? మెలకువ వేరు, ఎరుక వేరు. మన దిక్కు 'ఎర్కేనా' అని అడుగుతాం కదా, ఆ ఎరుక. నిద్ర, మెలకువలను నడిపేది ముఖ్యంగా మెదడు కాండం. ఎరుక కలగాలంటే మెదడు నడిమధ్యలో ఉండే థాలమస్ అనే భాగం, మెదడు పైపొర ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. కోమా సాధారణంగా కొన్ని వారాలకు మించి ఉండదు. ఆ తర్వాత కళ్లు తెరుచుకుంటాయి, పడుకోవడం లేవడం మొదలవుతుంది. కానీ ఎరుక ఉన్నట్టు ఏ గుర్తూ కనబడకపోతే దాన్ని వెజిటేటివ్ స్టేట్ అంటారు. ఆ మాట ఫైల్‌లో చదివిన రోజు నాకు అన్నం దిగలేదు.

ఎరుక 'లేదు' అనడానికీ 'కనబడలేదు' అనడానికీ ఎంత తేడా ఉందో 2006లో బయటపడింది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త బృందం, కారు ప్రమాదంలో దెబ్బతిని ఏ స్పందనా లేని 23 ఏళ్ల అమ్మాయిని, మెదడులో ఏ భాగం పనిచేస్తుందో చూపించే ఫంక్షనల్ ఎంఆర్ఐ స్కాన్‌లో ఉంచి, 'టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో' అని చెప్పింది. కదలికలకు సిద్ధం చేసే భాగం వెలిగింది. 'మీ ఇంట్లో ఒక్కో గదిలోకి వెళ్తున్నట్టు ఊహించుకో' అంటే దారులను గుర్తుపెట్టుకునే భాగాలు వెలిగాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ అచ్చం అలాగే జరుగుతుంది. చెయ్యి కదపలేని ఆ అమ్మాయికి మాట వినబడింది, అర్థమైంది, చెప్పింది చేసింది. 2010లో ఇదే పద్ధతితో 54 మందిని చూస్తే ఐదుగురిలో అలాంటి స్పందన కనబడింది. వాళ్లలో ఒకరు అవును, కాదు అనే జవాబులు కూడా మెదడుతోనే ఇచ్చారు.

మీరు అడిగిన కొత్త సంగతి 2024 ఆగస్టులో వచ్చింది. అమెరికా, యూరప్‌లలోని ఆరు కేంద్రాలు కలిసి 353 మందిని పరీక్షించాయి. మంచం దగ్గర ఏ ఆదేశానికీ పలకని వాళ్లు 241 మంది. వాళ్లలో 60 మంది, అంటే నలుగురిలో ఒకరు, ఎంఆర్ఐలోనో, తలకు వైర్లు పెట్టి మెదడు విద్యుత్ తరంగాలను తీసే ఈఈజీలోనో చెప్పింది చేసి చూపించారు. వయసు తక్కువ ఉన్నవాళ్లలో, ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవాళ్లలో ఇది ఎక్కువగా కనబడింది. దీన్ని కాగ్నిటివ్ మోటార్ డిసోసియేషన్ అంటున్నారు. తెలుగులో చెప్పాలంటే, బుద్ధి అందుకుంటుంది, ఒళ్లు అందుకోదు. థాలమస్ నుంచి కదలికల భాగానికి వెళ్లే దారులు దెబ్బతినడం దీనికి ఒక కారణమని చూపించారు.

దీన్ని మరోవైపు నుంచి కూడా చదవాలి. మిగతా ముగ్గురిలో అలాంటి గుర్తు దొరకలేదు. అలాగని వాళ్లకు ఎరుక లేదని తేల్చలేం. ఎందుకంటే అదే అధ్యయనంలో మంచం దగ్గర కళ్లెదుటే చెప్పిన మాట విన్న 112 మందిలో కూడా 43 మందే ఆ మెషీన్ పరీక్షలో నెగ్గారు. కొన్ని నిమిషాలపాటు ధ్యాస నిలపాలి మరి, అది దెబ్బతిన్న మెదడుకు చాలా కష్టం. కాబట్టి ఏ ఒక్క పరీక్షా ఆఖరి మాట కాదు.

తర్వాత ఏమవుతుందన్న దానికి 2019లో న్యూయార్క్‌లో చేసిన అధ్యయనం కొంత దారి చూపిస్తుంది. దెబ్బ తగిలిన కొద్దిరోజులకే 104 మందికి ఈఈజీ తీస్తే 16 మందిలో దాగిన స్పందన దొరికింది. ఏడాది తర్వాత, రోజులో ఎనిమిది గంటలు ఒంటరిగా ఉండగలిగే స్థాయికి చేరినవాళ్లు ఆ గుంపులో 44 శాతం, మిగతావాళ్లలో 14 శాతం. ఆ 14 శాతాన్ని కూడా నేను సున్నా అనుకోను.

ఇలాంటి పరీక్షలు మామూలు ఐసీయూలో చేయరు. వాటికోసం ఊళ్లు తిరగమని నేను చెప్పను. ఓపిగ్గా, పదేపదే చూడడం మాత్రం మీ చేతిలో ఉంది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో డాక్టర్లు వెజిటేటివ్ స్టేట్ అని ఒప్పుకున్న 44 మందిని ఒక పద్ధతి ప్రకారం మళ్లీ పరీక్షిస్తే 18 మందిలో ఎంతోకొంత ఎరుక ఉంది. ఎరుక గంట గంటకీ మారుతుంది. రెండు వారాల్లో కనీసం ఐదుసార్లు చూడాలని 2017లో మరో అధ్యయనం సూచించింది.

మా ఇంట్లో ఇది తెలియకుండానే జరిగింది. మా చెల్లె రోజూ సాయంత్రం బాపు చెవి దగ్గర కూర్చుని, "బాపూ, ఇయాల తేజకు ఎంత పలికిందో ఎర్కేనా?" అని మొదలుపెట్టి తేజ, వండర్ హాట్, చపాటా మిర్చి రకాల ధరలు వరుసగా చదివేది. ఇరవై ఆరో రోజు తన గొంతు వచ్చిన వైపు కళ్లు తిరిగాయి. మొదట నేనే నమ్మలేదు. రెండో రోజు రాలేదు, మూడో రోజు వచ్చింది. తను ఫోన్‌లో వీడియో తీసి, పక్కన టైం రాసిపెట్టింది. అది చూపిస్తే న్యూరో డాక్టర్ చిన్న అద్దం తెమ్మన్నారు. వేలు కదిపితే చూడని వాళ్లు కూడా అద్దంలో తమ ముఖాన్ని చూసి కళ్లు తిప్పే అవకాశం ఎక్కువట. బాపు కళ్లు అద్దం వెంట మెల్లగా కదిలాయి.

మీరూ అలాగే రాసుకోండి, తేదీ, టైం, ఏం అన్నారు, ఏం కనబడింది. నిద్రమందు ఇచ్చిన వెంటనే చూసి నిరాశపడొద్దు. ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, పైకి కనబడని ఫిట్స్ కూడా స్పందనను అణిచేస్తాయి, అవి చూశారా అని డాక్టర్‌ను అడగండి. ఇంటివాళ్ల గొంతుతో పాత కబుర్లు రికార్డు చేసి రోజుకు నాలుగుసార్లు, పదేసి నిమిషాలు వినిపిస్తే మేలు కనబడిందని 2015లో ఒక అధ్యయనం వచ్చింది. అది 15 మందితో చేసిన చిన్నది, అయినా ఖర్చు లేనిది. టీవీ మాత్రం రోజంతా పెట్టి ఉంచకండి. మాట తర్వాత నిశ్శబ్దం కూడా ఉండాలి, జవాబుకు టైం ఇవ్వాలి.

ఒక ఆస్పత్రిలో రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ బాపు కాళ్ల దగ్గర నిలబడి, "ఇంకేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నాడు. ఆ మాట అక్కడ అననివ్వకూడదని నాకు అప్పుడు తోచలేదు. మీరు మాత్రం అలాంటి మాట వస్తే డాక్టర్‌ను బయట వరండాలోకి పిలిచి మాట్లాడండి.

బాపు ఇప్పుడు చేతికర్రతో నడుస్తాడు, కుడిచెయ్యి బలం తక్కువ. ఆ రెండు నెలలు ఆయనకు గుర్తులేవు, మిర్చి ధరలు కూడా. దెబ్బ తిన్న మెదడు అప్పటి సంగతులను దాచుకోలేకపోవడం మామూలే. గుర్తులేదంటే ఆ రోజు వినలేదని కాదు. కళ్లు చెల్లె వైపు తిరిగిన వీడియో ఇంకా నా ఫోన్‌లో ఉంది, కింద తన చేతిరాతలో సాయంత్రం 6.40 అని ఉంటుంది.