వన్ బై టూ మాత్రం అడగొద్దు

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది బరంపురం. పట్టు నేత కుటుంబం, ఇప్పుడు ఇంట్లో మగ్గం లేదు లెండి. మా అబ్బాయి జపాన్‌లో, నాగోయాలో ఉద్యోగం చేస్తున్నాడు. నేనూ మా ఆయనా నెల రోజులు ఉండి రావడానికి వెళ్తున్నాం. వాళ్ల సందు చివర యాభై ఏళ్లనాటి కాఫీ కొట్టు ఉందట, లోపలంతా గోడ గడియారాలూ పాత టెలిఫోన్లూ పింగాణీ బొమ్మలేనట. ఈయనకి పాత సామానంటే పిచ్చి, ఒక గడియారం బేరమాడి తెస్తానంటున్నారు. భాష రానివాళ్లం, వెళ్లొచ్చా? ఆరేళ్ల మనవణ్ణి తీసుకెళ్లొచ్చా? ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: చెల్లెమ్మా, నిక్షేపంగా వెళ్లండి. కాకపోతే ఆ బేరం మాట మాత్రం బండి ఇచ్ఛాపురం దాటేలోపే మీ ఆయన చేత మరిపించండి. అక్కడ గోడమీద ఉన్నవి అమ్మకానికి పెట్టినవి కావు, కొట్టాయన ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ తెచ్చి పెట్టుకున్నవి. మన పూజగదిలో ఇత్తడి కుందికి ఎవరైనా వచ్చి ధర అడిగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ముట్టుకోవద్దు, ఫొటోకి ముందు ఫోన్ చూపించి తల ఊపమనండి, చాలు.

ఇలాంటి కొట్టుని వాళ్లు కిస్సాతెన్ అంటారు. మాటకి అర్థం టీ తాగే కొట్టు, తాగేదేమో కాఫీ! 1888లో టోక్యోలోని ఉఎనోలో మొదటిది తెరిచారు, అది నాలుగేళ్లకే మూతపడింది, అలవాటు మాత్రం దేశమంతా పాకింది.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. నేనూ మా తమ్ముడూ వెళ్లి, మన హోటల్లో లాగే వన్ బై టూ అని వేళ్లతో చూపించి, ఒక కాఫీ, ఒక ఖాళీ కప్పు అడిగాం. ఆ పెద్దావిడ ఏమీ అనలేదు, గోడమీది కాగితం ఒకటి చూపించింది. మనిషికొక ఆర్డర్ అని రాసుందట, పక్క టేబుల్ కుర్రాడు చెబితే తెలిసింది. సిగ్గుతో చచ్చాం. మీరిచ్చే సుమారు ఐదు వందల యెన్లు కాఫీకి మాత్రమే కాదు, ఆ కుర్చీకీ, ఆ నిశ్శబ్దానికీ కలిపి.

పొద్దున్నే వెళ్లండి. నాగోయా వైపు చాలా కొట్లలో పది పదకొండు లోపు కాఫీ చెబితే బ్రెడ్ టోస్టూ ఉడకబెట్టిన గుడ్డూ అదే ధరకి వస్తాయి. దీని పుట్టుక మీకే బాగా అర్థమవుతుంది. పక్కనే ఉన్న ఇచినోమియా నేత ఊరు, 1950ల్లో మరమగ్గాల మోతలో మాట వినపడక మిల్లు యజమానులు బేరాలకి కాఫీ కొట్టుకి పోయేవారు, రోజూ వచ్చేవాళ్లని కొట్లవాళ్లు వేరుశనగలూ గుడ్డూ పెట్టి మర్యాద చేయడం మొదలెట్టారు. అది అలా నిలిచిపోయింది. గుడ్డు తినకపోతే వదిలేయండి. ఒగురా టోస్ట్ అని ఉంటే చెప్పండి, మన బూరెల్లో పూర్ణంలాంటిదే, ఎర్ర గింజలతో చేసి బ్రెడ్ మీద పూస్తారు.

సైఫన్ కాఫీ పెట్టే కొట్టయితే, కాఫీ కాచే బల్ల దగ్గరే కూర్చోండి. కింద గాజు బుడ్డిలో నీళ్లు మరిగి, ఆవిరి తోసేసరికి గొట్టంలోంచి పైకెక్కి పొడిలో కలుస్తాయి. మంట తీసేయగానే బుడ్డి చల్లబడి, కాఫీ గుడ్డలోంచి వడకట్టుకుని గుడగుడమంటూ కిందికి దిగుతుంది. అప్పుడు మాత్రం కొట్టాయనతో మాట కలపొద్దు.

మనవడి సంగతి. 2020 ఏప్రిల్ నుంచి లోపల పొగ తాగకూడదని చట్టం వచ్చింది, కానీ అంతకుముందు నుంచీ ఉన్న చిన్న కొట్లకి మినహాయింపు ఇచ్చారు. పొగ తాగనిచ్చే చోటికి ఇరవై ఏళ్లలోపు వాళ్లని రానివ్వరు, పిల్లాడు అమ్మ ఒళ్లో ఉన్నా సరే. గుమ్మం దగ్గర బోర్డు ఉంటుంది, మీ అబ్బాయి చేత ముందే చదివించండి. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి, కార్డు తీసుకోని కొట్లు ఇంకా ఉన్నాయి. టిప్పు పెట్టొద్దు, మర్చిపోయారనుకుని వీధిలోకి పరిగెత్తుకొచ్చి ఇస్తారు.

ఇక మీ ఆయన గడియారం. నాగోయా ఒకప్పుడు గోడ గడియారాల తయారీకి పేరుపడ్డ ఊరే, కాబట్టి ఆశ తప్పు కాదు, అడిగే చోటే తప్పు. ప్రతి నెలా 18న, 28న నాగోయాలోని ఓసు కన్నోన్ గుడి ఆవరణలో పాత సామాన్ల సంత జరుగుతుంది, అక్కడ ఎంతసేపైనా బేరమాడమనండి. కొన్నాక లోలకం విప్పించి విడిగా గుడ్డలో చుట్టించండి, అలాగే పెట్టెలో పడేస్తే బరంపురం చేరేసరికి అద్దం పగిలిపోతుంది.