ఫైళ్లకు పేర్లు పెట్టే స్క్రిప్టుతో కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: మాది మదనపల్లె. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ సపోర్ట్ ఉద్యోగం చేస్తున్నాను. రోజూ బ్రాంచీల నుంచి వచ్చే రిపోర్టులకు బ్రాంచ్ పేరు, తేదీ కలిపి పేరు మార్చాలి. దానికి లైనక్స్‌లో షెల్ స్క్రిప్టు (కమాండ్లను వరసగా నడిపే ఫైల్) రాశాను. ఎన్ని ఫైళ్లు వచ్చినా చివరికి ఒక్కటే మిగులుతోంది. ఎర్రర్ కూడా రావట్లేదు, ఒకటే టెన్షన్. ఈ పని వదిలేసి డేటా సైన్స్ కోర్సులో చేరమంటారా సార్?

జవాబు: ఉద్యోగం మానకండి. ముందు ఆ ఫైళ్ల సంగతి చూద్దాం.

మీరు డాలర్ గుర్తుతో బ్రాంచ్ అనే వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) రాసి, దాన్ని ఆనించి అండర్‌స్కోర్, ఆ పక్కన తేదీ పెట్టి ఉంటారు. వేరియబుల్ పేర్లలో అండర్‌స్కోర్ చెల్లుతుంది. అందుకని షెల్ దాన్ని కూడా కలుపుకుని, మీరు ఎక్కడా ఇవ్వని వేరియబుల్ కోసం వెతుకుతుంది. దొరకదు. ఆ చోటు ఖాళీగా వదిలేసి, ఏమీ అనకుండా ముందుకెళ్తుంది. అన్ని ఫైళ్లకూ ఒట్టి తేదీయే పేరవుతుంది, ఒకదాని మీద ఒకటి పడి ఆఖరిదే మిగులుతుంది. వేరియబుల్ పేరు చుట్టూ ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టండి, సరిపోతుంది. స్క్రిప్టు పైన ‘సెట్ మైనస్ యు’ అని రాస్తే, లేని వేరియబుల్ కనబడగానే అక్కడే ఆగుతుంది. పేరు మార్చే ‘ఎంవీ’ కమాండ్‌కి మైనస్ ఎన్ తగిలిస్తే ఉన్న ఫైల్ జోలికి పోదు. పేరు మార్చే ముందు ‘ఎకో’తో కొత్త పేర్లన్నీ ఒకసారి తెరమీద చూసుకోండి.

చప్పుడు లేకుండా డేటా పోయే చోటును పట్టుకోవడం చిన్న పని కాదు. ఇంటర్వ్యూలో ‘పైథాన్ వచ్చు’ అనేవాళ్లు చాలామంది ఉంటారు. ఫైళ్లు ఎందుకు పోయాయో, మళ్లీ పోకుండా ఏం చేశారో చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఆటోమేషన్, డెవాప్స్ (సాఫ్ట్‌వేర్ తయారీని, నడపడాన్ని కలిపి చూసే పని) వైపు మీకు దారి ఇదే.

ఇప్పుడు అదే స్క్రిప్టును పైథాన్‌లో రాయండి. అక్కడ అక్షరాలకు అంకెను ప్లస్‌తో కలపబోతే టైప్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, అది మన మంచికే. 2016లో 3.6 వెర్షన్‌తో వచ్చిన ఎఫ్-స్ట్రింగ్ (అక్షరాల మధ్యలోనే వేరియబుల్ విలువను పెట్టే పద్ధతి) అలవాటు చేసుకోండి. ఫోల్డర్ దారిని ప్లస్‌తో అతికించకుండా పైథాన్‌తో వచ్చే పాత్‌లిబ్ లైబ్రరీ వాడితే విండోస్‌లోనూ, లైనక్స్‌లోనూ నడుస్తుంది. తేదీని 2025-03-07లా సంవత్సరం ముందు పెట్టి రాయండి. నెలను 3 అని వదిలేస్తే పేర్ల వరసలో 10 దానికంటే ముందొచ్చి కూర్చుంటుంది.

డేటా సైన్స్ వద్దనను. అందులోనూ వందల ఫైళ్లను పేర్లు చూసి చదివించాల్సిందే. కాబట్టి జీతం వస్తుండగానే ఇది గట్టిపరచుకుని, ఆ తర్వాత సాయంత్రం కోర్సు చూడండి.

స్క్రిప్టును నలుగురికీ చూపేందుకు గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకునే వెబ్‌సైట్) పెట్టేముందు మేనేజర్‌ని అడగండి. కంపెనీ రిపోర్టులు, అసలు బ్రాంచ్ పేర్లు అందులో ఉండకూడదు. మీరు కల్పించిన పేర్లతో నాలుగైదు నమూనా ఫైళ్లు చేసి పెట్టండి.