గొంతు క్యాన్సర్‌కు కరెంటు పెడుతున్నా నాన్న సిగరెట్ మానడం లేదు... ఎందుకిలా?

ప్రశ్న: మా నాన్నకు 57 ఏళ్లు. 30 ఏళ్లుగా ఆటో నడుపుతున్నారు. రోజుకు 15 సిగరెట్లు తాగేవారు. గొంతు బొంగురుపోయి ఎన్నాళ్లకూ తగ్గకపోతే పరీక్షలు చేయించాం. స్వరపేటిక క్యాన్సర్, రెండో స్టేజీ అన్నారు. మొత్తం 33 సిట్టింగులు కరెంటు (రేడియేషన్) పెట్టాలన్నారు, 12 అయ్యాయి. సిగరెట్ మానేశానని మాతో చెప్పారు. మొన్న సిట్టింగ్ కాగానే ఆసుపత్రి ఎదుట పాన్ డబ్బాకు వేలాడే లైటర్‌తో సిగరెట్ వెలిగిస్తూ కనిపించారు. అక్కడే గొడవపడ్డాను. ‘‘నన్నిడిచిపెట్టు బిడ్డా, వచ్చేది ఎట్లనో వచ్చింది గద’’ అన్నారు. ఆయనకు బతకాలని లేదా? మేమెవరం అక్కర్లేదా?
- ఒక సోదరి, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ నాన్నగారికి బతకాలని ఉంది. లేకపోతే వారానికి ఐదు రోజులు ఉప్పల్ నుంచి వచ్చి ఆ గదిలో పడుకునేవారు కాదు. గొంతుకు కరెంటు ఎలా పెడతారో బయట కూర్చున్న మీకు కనిపించదు. మెడ కదలకుండా, ముఖం అచ్చుకు తగ్గట్టు చేసిన ప్లాస్టిక్ జాలీ మాస్కును ముఖం మీద వేసి బల్లకు బిగిస్తారు. గుటక వేయడానికీ ఇబ్బందే. ఆ తర్వాత సిబ్బంది అంతా బయటికి వెళ్లి తలుపు మూసేస్తారు. నొప్పి ఉండదు గానీ ఆ కొన్ని నిమిషాలూ మనిషి ఒంటరిగా తన జబ్బుతోనే ఉంటాడు. గిరాకీ దొరక్కపోయినా, పోలీసు చలానా రాసినా, ఇంట్లో మాటా మాటా పెరిగినా 30 ఏళ్లుగా ఆయన చెయ్యి వెళ్లింది సిగరెట్ కోసమే. ఆ గదిలోంచి బయటపడగానే కూడా అక్కడికే వెళ్తోంది.

పొగ పీల్చిన 10–20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. ఒక్కో సిగరెట్‌కు పది దమ్ములు వేసుకున్నా రోజుకు 150 సార్లు. డాక్టర్ నోట ‘క్యాన్సర్’ అన్న మాట వినగానే ఇదంతా ఆగిపోవాలని మనం కోరుకుంటాం. కొందరికి నిజంగానే ఆగిపోతుంది. చాలామందికి ఆగదు. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. ఆపైన చిరాకు, గాభరా, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం మొదలవుతాయి. మానేసిన మొదటి రెండు మూడు రోజులు మరీ ఎక్కువ. జబ్బంటే భయం ఉన్నవాళ్లలోనూ సరిగ్గా ఇవే ఉంటాయి. ఏది దేనివల్లో ఆయనకు తెలియదు. సిగరెట్ వెలిగించగానే నికోటిన్ లోటు తీరుతుంది, ఆయన టెన్షన్ తగ్గిందనుకుంటారు. ప్రాణం మీద తీపి లేక ఎవరూ ఇలా చేయరు.

ఇక ‘వచ్చేది వచ్చింది’ అన్న మాట. రోగుల నోట నేను తరచూ వినే మాట ఇది. దీనికి గట్టిగా జవాబు చెప్పాలి. ఎందుకంటే ఇది నిజం కాదు. కరెంటు కణితిని చంపాలంటే కణితికి ఆక్సిజన్ అందుతూ ఉండాలి. అది తక్కువైన క్యాన్సర్ కణాలు రేడియేషన్‌కు ఓ పట్టాన లొంగవు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోటును ఆక్రమిస్తుంది. అంత కష్టపడి పడుకున్న సిట్టింగ్ బలం అలా తగ్గుతుంది. గొంతులో పుండ్లు కూడా తొందరగా మానవు. అయితే సిగరెట్ ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే ఆ కార్బన్ మోనాక్సైడ్ ఒంట్లోంచి పోతుంది. శుక్రవారం సిట్టింగ్ తర్వాత మానేస్తే, శని ఆదివారాల సెలవు గడిచి సోమవారం బల్లెక్కేసరికి రక్తంలో ఆ తేడా వచ్చేసి ఉంటుంది. ఇంకా 21 సిట్టింగులు ఉన్నాయి. ఈ సంగతి ఆయనకు ఇలాగే, రోజుల లెక్కతో చెప్పండి.

రష్యాలో ఒకటి నుంచి 3ఏ దశ దాకా ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 517 మంది పొగరాయుళ్లను ఏళ్ల తరబడి గమనించి, ఆ ఫలితాలను 2021లో ప్రచురించారు. జబ్బు బయటపడ్డాక మానేసినవాళ్ల మధ్యస్థ ఆయుష్షు (సగం మంది దాటి బతికిన కాలం) మాననివాళ్లకంటే 21.6 నెలలు ఎక్కువ. మీ నాన్నగారిది వేరే క్యాన్సర్ కాబట్టి ఆ నెలల లెక్కను ఆయనకు అంటగట్టను. ఆలస్యమైపోయిందన్న మాట తప్పని చెప్పడానికి మాత్రం అది చాలు. పైగా రెండో దశ స్వరపేటిక క్యాన్సర్ నయమయ్యే అవకాశం బాగా ఉన్న జబ్బు.

సిగ్గు సంగతి కూడా చెప్పాలి. పలకరించడానికొచ్చిన చుట్టాలు ‘చేతులారా తెచ్చుకున్నాడు’ అంటారు. ఆయన వింటారు. ఆ తర్వాత తాగినా తాగలేదనే చెబుతారు, మీతోనూ, డాక్టర్‌తోనూ. దాచిపెట్టినంత కాలం చికిత్స అందదు. ఆ మాట అనే చుట్టాన్ని గుమ్మంలోనే ఆపేయండి, మొహమాటపడకండి. ఓపీ రద్దీలో ‘మానెయ్యాలి’ అని ఒక్క మాట అని పంపేయడం కూడా చికిత్స కాదు.

చికిత్స ఉంది. పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారో నాన్నగారిని నెమ్మదిగా అడగండి. అరగంట లోపే అయితే నికోటిన్ పట్టు గట్టిగా ఉన్నట్టు. అది తెలుసుకుని ఆయన్ను వెంటబెట్టుకునే రేడియేషన్ డాక్టర్‌కు చెప్పండి. రోజుకు పదికి మించి తాగేవారికి సాధారణంగా 21 మిల్లీగ్రాముల నికోటిన్ ప్యాచ్‌తో మొదలుపెడతారు. దాన్ని జబ్బ మీద అతికించాలి, కరెంటు పడే మెడ మీద వద్దు. నికోటిన్ చూయింగ్ గమ్ కూడా ఉంది గానీ నోరు, గొంతు పుండుగా ఉన్నప్పుడు మంట పెడుతుంది. ‘మళ్లీ నికోటినేనా’ అని భయపడకండి. క్యాన్సర్ తెచ్చేది పొగలోని తారు, ఇతర రసాయనాలు. సిగరెట్ కోరికను తగ్గించే వారెనిక్లిన్ మాత్రలు 12 వారాల కోర్సు. మూత్రపిండాల పనితీరు చూసి డాక్టరే రాయాలి. సిగరెట్ బదులు ఖైనీ, జర్దా పాన్ మాత్రం వద్దు. ‘రోజుకు రెండే’ అన్న బేరం కూడా ఒప్పుకోకండి, ఆ రెండింటినే గట్టిగా పీల్చేస్తారు. ఈ-సిగరెట్లు మన దేశంలో 2019 నుంచి నిషేధం.

సిగరెట్ పెట్టె మీదే ఉండే 1800-11-2356 ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే మానడానికి సాయం చేస్తారు. తెలుగులోనూ మాట్లాడతారు. నిద్ర, ఆకలి పోయి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, దానికీ మందులున్నాయి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో వ్యసనాలకూ వైద్యం చేస్తారు. ఆ పేరు వినగానే వెనకడుగు వేయకండి. చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం ఆ రోజే చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు (14416) ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.

మధ్యలో ఒకటి తాగేశారని ప్యాచ్ పీకేయొద్దు, డాక్టర్‌కు చెప్పి కొనసాగించండి. కరెంటు పూర్తయి, మళ్లీ ఆటో తీస్తానన్నప్పుడు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి. స్టాండులో తోటి డ్రైవర్ల మధ్య కూర్చున్నప్పుడు అలవాటు తిరగబెట్టే భయం ఎక్కువ. ప్యాచ్ మోతాదు తగ్గించడాన్ని ఆ రోజులు గడిచేదాకా ఆపమని అడగొచ్చు.